అమ్మ కుండ, హోసూరు మిక్సీ

ఇండూరు,
ధర్మపురి జిల్లా, తమిళనాడు,
9 జూన్ 2025, సోమవారం

రంగీ,

పద్దెనిమిదేండ్ల కిందట నీ కొడుకు ప్రభు నిశ్చితార్థం నాడు నేను ధర్మపురి నుంచి హోసూరు దాకా బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చిన అంబలి కుండను నువ్వు పక్కింటి ఆవు తొట్టిలో వంపినావు. కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి వచ్చి నేను చూసినాను. నువ్వు నన్ను చూడలేదు. ఖాళీ కుండ తీసుకొని పలకకుండా బస్సెక్కినాను. ఆ దినం మొదలు నీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లు తప్ప ఏదీ నోట పెట్టలేదు. ఎందుకని నువ్వు ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదు. అయినా ఏటా కోత కాగానే నీకు ఒక మూట రాగులు పంపుతూనే ఉన్నాను. అన్నగా నా ధర్మం నేను తప్పలేదు.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నువ్వు చేసిన పని పాత పుండు మీద కారం చల్లినట్టుంది. మొన్న మన వీధి తిమ్మరాయన్ ధర్మపురి పార్శిల్ ఆఫీసు నుంచి ఒక పెట్టె తన మోపెడ్ మీద తెచ్చినాడు. హోసూరు నుంచి, నీ పేరుతో. విప్పితే మిక్సీ. మామూలు మిక్సీ కాదు. మోపెడ్ ఇంజనంత బరువు. పెట్టె మీద రెండు వేల వాట్లని అంకె. జారు అడుగున ఆరు కత్తులు.

దీనితో నాకేమి పని? నా నోట్లో నాలుగు పళ్లే మిగిలినాయి, ఊరంతటికీ తెలుసు. ఆ నాలుగింటితోనే చెరుకు నములుతాను. నమలలేని ముసలివాడు గుజ్జు చేసుకొని తాగుతాడులే అని పంపినావా? కుండ వంపి ఒకసారి ఎక్కిరించినావు, మిక్సీ పంపి రెండోసారి. మీ వదిన చెన్నమ్మ మాత్రం "పంపింది ఆడబిడ్డ, ఊరికే పంపదు, ఉంచు" అంటుంది. దానికి నీ మీద ఎప్పుడూ మనసు మెత్తనే.

ఫోన్ చేయక జాబెందుకని అడగొద్దు. మూడుసార్లు చేసినాను. మూడుసార్లూ కోడలు మలర్ ఎత్తి "అత్త పడుకున్నారు మామా" అనింది. పగలు పదకొండు గంటలకు పడుకునే మనిషివా నువ్వు? అందుకని జాబు. మన రెండిండ్లలో తెలుగు చదవగలిగినవాళ్లం ఇద్దరమే మిగిలినాము. నాయన చాటలో రాగులు పరిచి వేలితో దిద్దించిన అక్షరాలు ఇవి. తమిళ బళ్లలో చదివిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, రాసింది చూపిస్తే కోడి గీరినట్టుంది అంటారు. కాబట్టి దాపరికం అక్కరలేదు. నిజం రాయి, ఎవరూ చదవలేరు.

మిక్సీ పెట్టెలోనే ఉంది.

నీ అన్న
హనుమంతప్ప


హోసూరు,
16 జూన్ 2025

అన్నకు రంగనాయకమ్మ దండం పెట్టి రాసేది.

వదిన మోకాలు ఎట్లుంది? నీ జాబు రెండుసార్లు చదివినాను. ఎక్కిరించడానికి పంపలేదు అన్నా. ఆ తొట్టి సంగతి నువ్వు చూసినావని ఇన్నేండ్లూ నాకు తెలియదు. దానికి జవాబు ఉంది. ఇంకొక జాబులో రాస్తాను.

మిక్సీ ప్రభు కొన్నది. ఇక్కడ ఇంకొకటి ఉంది. మలర్ దానిలో స్మూతీ అని చేస్తుంది. పచ్చి పాలకూర, కీరకాయ, ఓట్సు, ఇంకా ఏవో నల్ల గింజలు. నానితే కప్పగుడ్లలాగా ఉబ్బుతాయి. అన్నీ వేసి తిప్పి గ్లాసు నిండా తెచ్చి ముందర పెడుతుంది. మంచి పిల్ల, మంచికే చేస్తుంది. నాకు చూస్తేనే కడుపు నిండిపోతుంది. నీకైతే పనికొస్తుందని పంపినాను. పెరట్లో మునగ ఉంది, జామ ఉంది. జామగింజను కూడా పిండి చేస్తుంది అది.

నిన్ను ఒకటి అడగాలి. అమ్మ చేసే అంబలి ఆ మిక్సీలో వేస్తే నూక తగలకుండా వస్తుందా? ఒక్క నూక కూడా తగలకూడదు. నువ్వు చేసి చూసి రాయి.

ఫోన్ చేయకు. ఫోన్లో మాట్లాడడం మానేసినాను. జాబు రాయి.

నీ చెల్లెలు
రంగనాయకమ్మ


ఇండూరు,
23 జూన్ 2025, సోమవారం

రంగీ,

నూక తగలకూడదా? అమ్మ అంబలికి ప్రాణమే నూక. రాగిపిండి ముందుదినం నీళ్లలో కలిపి పులియబెట్టి, మరునాడు ఉడుకుతున్న బియ్యం నూకలో పోసి, అడుగంటకుండా కలిపి, చల్లార్చి, మజ్జిగ పోసి, చిన్న ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాలి. నూక నోటికి తగిలితేనే అది అంబలి. తగలకపోతే గంజి. తొట్టిలో పోసింది చాలక ఇప్పుడు నూకకు వంక పెడుతున్నావు.

అయినా చేతకాక ఊరకున్నాడని నువ్వు అనుకోకూడదు కదా. మిక్సీ బయటికి తీసినాను. డీజిల్ ఇంజన్ విప్పి బిగించినవాణ్ణి, ఇదెంత?

జరిగింది చెప్తాను, నవ్వకు. శనివారం రాగిపిండి నీళ్లలో కలిపినాను. రేపు ఎట్లాగూ దీనిలోనే తిప్పాలి, మళ్లీ కుండ ఎందుకని ఆ జారులోనే నిండా పోసి, మూత బిర్రుగా నొక్కి, మూత నడుమ ఉండే బిరడా కూడా తిప్పి బిగించి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టినాను. పులిసే కుండకు గుడ్డ కడతాము, మూత బిగించము. ఈ సంగతి నాకు డెబ్బైనాలుగేండ్లుగా తెలుసు, ఆ ఒక్క దినం తెలియలేదు. ఆదివారం పొద్దున మీ వదిన పాలు కాచుతుంటే మూత తుపాకిగుండులాగా లేచి పైన రేకుకు తగిలింది. రేకు మీద అంబలి, గోడ మీద అంబలి, దేవుని పటాల మీద అంబలి, మీ వదిన నెత్తి మీద అంబలి. పక్కింటి మునియమ్మాళ్ గ్యాసు పేలిందని వీధిలోకి పరుగెత్తి అరిచింది.

మీ వదిన జుట్టు తుడుచుకుంటూ "పద్దెనిమిదేండ్లు మూత బిగించి పెట్టుకుంటే ఏదైనా ఇట్లే పేలుతాదయ్యా" అనింది. నేను విననట్టు గోడ తుడిచినాను.

అంతటితో వదిలేవాణ్ణి కాదు. జారు కడిగి, అరటిపండ్లు రెండు, పిడికెడు మునగాకు, ముందుదినం నానబెట్టిన వేరుశెనగ విత్తనాలు, ఒక చెంబు మజ్జిగ వేసి తిప్పినాను. మొదటిసారి కత్తులు ఊరికే తిరిగి ఏడ్చినాయి. ఎందుకో కనిపెట్టినాను. నీళ్లది ముందు పోయాలి, మెత్తనిది తరువాత, గట్టిది మీద. తిరగేసి వేస్తే అడుగున గట్టిది అడ్డం పడుతుంది. మునగాకు పచ్చిదే వేస్తే చేదు. ఇడ్లీ కుండలో ఆవిరి పట్టి వేస్తే చేదు పోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, నీ కోడలికి చెప్పు. తాగితే లేత వరికంకి పాలలాగా గొంతులోకి జారింది. స్మూతీ అట, స్మూతీ! మన పెద్దలు తాగిన అంబలికి కరెంటు పెట్టి పేరు మార్చినారు, అంతే కదా?

ఫోన్ మానేసినానని రాసినావు. నాతోనా, అందరితోనా? అది స్పష్టంగా రాయి.

హనుమంతప్ప


హోసూరు,
30 జూన్ 2025

అన్నకు,

మూత లేచిన సంగతి చదివి నవ్వినాను. చాలా దినాలైంది నవ్వి. నవ్వితే నొప్పి పుట్టింది, అయినా మళ్లీ చదివి మళ్లీ నవ్వినాను. మలర్ పరుగెత్తి వచ్చి "ఏమైంది అత్తా" అనింది. జాబు దాని చేతికిచ్చినాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి తిరిగి ఇచ్చింది. నవ్వినానని దాని కంట నీళ్లు వచ్చినాయి, పిచ్చి పిల్ల.

నొప్పి అంటే పంటినొప్పి. భయపడకు.

నూకకు వంక పెట్టలేదు. ఊరికే అడిగినాను. ఇంకొకటి కూడా అడుగుతాను, కోపం చేసుకోకు. పచ్చి ఉల్లిపాయ లేకుండా, మిరపకాయ లేకుండా, పులుపు బాగా తగ్గించి చేస్తే అది అంబలే అనిపించుకుంటుందా? అమ్మ వాసన దానికి ఉంటుందా?

ఈ యేడు రాగుల మూట పంపొద్దు. ఇక్కడ తినేవాళ్లు లేరు.

ఫోన్ అందరితోనూ మానేసినాను, నీ ఒక్కడితో కాదు.

రంగనాయకమ్మ


ఇండూరు,
6 జూలై 2025, ఆదివారం

రంగీ,

నిన్న మూట కట్టి వాకిట్లో పెట్టినాను. పార్శిల్ ఆఫీసుకు పోవడానికి తిమ్మరాయన్ మోపెడ్ కూడా వచ్చి నిలిచింది. అప్పుడే పోస్టుమాన్ వేల్‌మురుగన్ నీ జాబు ఇచ్చినాడు. "పంపొద్దు, తినేవాళ్లు లేరు." వాకిట్లో నిలబడే చదివినాను. మూట లోపలికి మోసుకొని వచ్చి పెట్టినాను. తిమ్మరాయన్ "ఏమన్నా, వద్దనిందా ఆయమ్మ?" అంటే, ఎలుక కొరికింది, సంచి మార్చాలి అని అబద్ధం చెప్పినాను. నా నోట అబద్ధం పలికించినావు.

ఇక్కడ నా సంగతి విను, నువ్వు లేకపోయినా ఏదీ ఆగిపోలేదు. మిక్సీ నా చేతికి లొంగింది. తోతాపురి మామిడి ముక్కలు, వత్తల్‌మలై కొండ మీది నుంచి వచ్చే సామలు మెత్తగా వండి రెండు గరిటెలు, కాచి చల్లార్చిన పాలు, ఇది ఒకటి. జామపండు, బెల్లం, చిటికెడు సొంఠి, ఇది ఒకటి. జామ తిప్పినాక వడకట్టాల్సిన పనే లేదు. మొలకెత్తించి ఎండబెట్టి వేయించిన రాగిపిండి పాలలో కాచి చల్లార్చి, అరటిపండుతో తిప్పింది అన్నిటికీ రాజు. వేడిది మాత్రం మూత పెట్టి తిప్పకూడదు. ఆ పాఠం నేను రేకు చూసి నేర్చుకున్నాను. ఐసుముక్కలు వేయమని మునియమ్మాళ్ మనవరాలు చెప్పింది. నాకు అక్కరలేదు, కుండనీళ్లు చాలు.

తిమ్మరాయన్‌కు నాకంటే అన్యాయం, ఒక్క పన్నూ లేదు. కూలికి పోయే ముందు ఇప్పుడు రోజూ మన వాకిట్లో నిలబడి ఒక చెంబు తాగుతున్నాడు. "అన్నా, ఇది గుటకేసే లోపలే పోయి కడుపులో కూర్చుంటాంది. పొద్దు వాలేదాకా ఆకలి అడగదు" అంటాడు. ఇంకా ముగ్గురు ముసలివాళ్లు చెంబులు పట్టుకొని వస్తున్నారు. మీ వదిన "ఆడి రాకముందే మన వాకిట్లో కూళు పోస్తాండావు" అని ఎక్కిరిస్తుంది. మనం అంబలి అనేదాన్ని ఊరంతా కూళు అనే కదా అనేది.

ఆడి నెల అంటే గుర్తొచ్చింది, ఇంకో పది దినాల్లో పుడుతుంది. మూడో శుక్రవారం, ఆగస్టు ఒకటి, మారెమ్మ గుడి దగ్గర కూళు పోసే వంతు ఈ యేడు మన ఇంటిది. మన ఇంటి ఆచారం నీకు గుర్తుందో లేదో. గుడి వంతు ఉన్నా లేకపోయినా ఏటా ఆడిలో ఇంట్లో కూళు కాచి, కుండ దించినాక మొదటి గరిటె ఇంటి ఆడపడుచుకు. తరువాతే దేవతకు, ఊరికి. ఆడపడుచు రాకపోతే ఆ గరిటె ఇంకెవరూ తాగరు. పద్దెనిమిది ఆడి నెలలుగా ఆ గరిటె నేను గుమ్మం ముందర నేల మీద పోస్తున్నాను. నేను పిలవను. పిలవకుండా నువ్వే రావాలని ఇన్నేండ్లూ చూసినాను. నువ్వు రాలేదు. ఇప్పుడు రాగులే వద్దంటున్నావు.

నూక వద్దు, ఉల్లిపాయ వద్దు, మిరపకాయ వద్దు, పులుపు వద్దు. ఇంకేమి మిగిలింది? నీ నాలుకకు హోసూరు పట్టింది. పుట్టింటి కూడు ఎక్కని అట్లాంటి నాలుకను కోసి పారేయాలి.

హనుమంతప్ప


హోసూరు,
13 జూలై 2025

అన్నా,

కోసినారు.

ఏప్రిల్లో, చిత్తిరై నెల పుట్టగానే. దానికి ముందు చలికాలంలో నాలుక అంచున పుండు లేచింది. వక్కాకు పొగాకు నమిలే బుగ్గ పక్కనే. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు, నాలుక కరుచుకున్నానని అన్నాను. ప్రభు కనిపెట్టి బెంగళూరికి తీసుకుపోయినాడు. పుండు చుట్టూ నాలుకలో ఒక పక్క తీసేసినారు. మాను చెక్కినట్టు చెక్కినారు అనుకో. ఇక భయం లేదన్నారు డాక్టర్లు. భయం లేదు గానీ నమలలేను. ఏ చిన్న నూక తగిలినా సూది గుచ్చినట్టుంటుంది. మాట్లాడితే రెండేండ్ల బిడ్డ మాట్లాడినట్టుంది. అందుకే ఫోన్ ఎత్తలేదు. నీ చెవిలో ఆ గొంతు పడడం నాకు ఇష్టం లేదు. నీకు చెప్పొద్దని ప్రభు చేత, మలర్ చేత ఒట్టు వేయించుకున్నాను. వాళ్ల మీద కోపం చేసుకోకు.

మిక్సీ నాకోసమే కొన్నారు. తాగేదే తప్ప తినేది కూడదని డాక్టరు చెప్తే మలర్ మూడు గంటలకొకసారి గ్లాసు తెచ్చి పెట్టేది. ఆకుపచ్చది, ఎర్రది, ఊదాది. నోట్లో పోసుకుంటే నాది కాని ఏదో నా నోట్లో ఉన్నట్టుంటుంది. అది అటు తిరగగానే చేతులు కడిగే బేసిన్‌లో వంపేస్తున్నాను. మిక్సీ లేకపోతే గ్లాసులు రావని, అన్నకు ఇచ్చేస్తానని పట్టుబట్టి నీకు పంపించినాను. మరుదినమే ప్రభు ఇంకొకటి తెచ్చినాడు. ఆవు తొట్టిలో వంపిన చేయే ఇప్పుడు బేసిన్‌లో వంపుతుంది. నలభైఎనిమిది కిలోలు ఉండేదాన్ని, ముప్పైఎనిమిది ఉన్నాను.

తొట్టి సంగతికి జవాబు రాస్తానన్నాను. సాకు ఏదీ లేదు అన్నా. సిగ్గుపడినాను. మలర్ పుట్టింటివాళ్లు కారులో దిగినారు. అప్పుడే నువ్వు మసి కుండ చంకన పెట్టుకొని వాకిట్లోకి వచ్చినావు. వాళ్లు చూసే లోపల వంపేసినాను. వాళ్లందరూ పోయినాక కుండ కడుగుదామని చూస్తే కుండ లేదు, నువ్వూ లేవు. గరిటె మాత్రం ఉంది. దానికి అంటుకున్నది వేలితో గీకి నాకినాను. ఇంకొకటి విను. వాళ్లింట్లో రోజూ పొద్దున తాగేది కూళే అని పెండ్లయిన రెండో నెలలో మలరే చెప్పింది. ఎవరి కోసం సిగ్గుపడినానో వాళ్లకే సిగ్గు లేదు.

అంబలి గురించి అడిగింది ఎక్కిరించడానికి కాదు. ఏదైనా ఒకటి నోట్లో పెట్టుకోవాలనిపిస్తే అది అదొక్కటే. నూక తగలకుండా, మంట లేకుండా వస్తుందేమోనని. వస్తే అది అంబలి కాదు అని నువ్వే రాసినావు. నిజమే.

రావొద్దు. నన్ను ఇట్లా చూడొద్దు. నీకు కోపం మిగలకూడదని రాసినాను, అంతే.

రంగి


ఇండూరు,
21 జూలై 2025, సోమవారం

రంగీ,

నీ జాబు బుధవారం వచ్చింది. నాలుక గురించి నేను రాసిన మాట తప్పు. ఒక్కసారి రాస్తున్నాను, మళ్లీ రాయను. నువ్వు ఆ జాబు చింపేయి.

తొట్టి సంగతి ముగిసింది. సిగ్గుపడినానని రాసినావు, అది చాలు. ఇన్నేండ్లూ నువ్వు సాకు చెప్తావని, దానికి ఏమి బదులు చెప్పాలో మనసులో సిద్ధం చేసి పెట్టుకున్నాను. అదంతా వృథా అయింది.

బుధవారమే చొక్కా వేసుకొని బస్సుకు బయలుదేరినాను. మీ వదిన వాకిట్లో అడ్డం నిలబడింది. "వట్టి చేతుల్తో పోయి ఏం చేస్తావు? అరుస్తావు. ఆయమ్మ ఏడుస్తాది. తాగేదానికి ఒకటి చేసుకొని పో." చొక్కా విప్పి తగిలించినాను. ప్రభుకు ఫోన్ చేసినాను. వాడు ఒట్టు గురించి నసిగినాడు, గట్టిగా అడిగితే అన్నీ చెప్పినాడు. పుండు మానింది, గొంతు బాగానే దిగమింగుతుంది, మంటది, పులుపు ఎక్కువైంది, వేడిది, గరుకుది కూడదు, మిగతాది ఏదైనా తాగొచ్చు, కండ పట్టేది తాగాలి. డాక్టరు మాట ఇది. తాగగలదు మామా, ఎంత తాగినా చిక్కిపోతుందెందుకో తెలియడం లేదు అని వాడు ఏడ్చినాడు. బేసిన్ సంగతి నేను చెప్పలేదు. ఇప్పటికి చెప్పలేదు.

ఇక పని సంగతి. అది అంబలి కాదని రాసినవాణ్ణి నేనే కదా, కాబట్టి దాన్ని అంబలి చేయాల్సినవాణ్ణీ నేనే. ఐదు దినాలుగా ఇదే పని. మొదటి దినం నూకతో కాచి చల్లార్చి తిప్పినాను. వేలికి మెత్తగానే ఉంది. నాలుక మీద గరుకో కాదో నాకెట్లా తెలియాలి? నా నాలుక డెబ్బైనాలుగేండ్ల తోలు. అప్పుడు ఒకటి చేసినాను. నాలుకను కింది పళ్ల వెనక ఒత్తిపెట్టి, కదిలించకుండా, నీలాగ తాగి చూసినాను. పలచన చేస్తే గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. చిక్కన చేస్తే నోట్లోనే నిలిచిపోయింది, నాలుక తోయకపోతే అది ఎక్కడికీ పోదు. నువ్వు మూడు నెలలుగా ఏమి పడుతున్నావో అప్పుడు తెలిసింది. మీ వదిన చూసి "ఏమయ్యా, పక్షవాతమా!" అని అరిచింది. సంగతి చెప్తే అదీ నా పక్కన కూర్చొని నాలుక ఒత్తిపెట్టి తాగింది. దానికి ముక్కులోకి పోయింది. ఇద్దరమూ దగ్గినాము.

నాలుగో దినానికి కుదిరింది. రాసుకో. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, పిండి చేసి, పలచని బట్టలో జల్లించాలి. కుండలో గుడ్డ కట్టి నాలుగు గంటలే పులియబెట్టాలి. రాత్రంతా పెడితే నీకు పులుపు కుట్టుతుంది. నూక బదులు బియ్యం పొడి. సన్నమంట మీద కాచి పూర్తిగా చల్లార్చాలి. మజ్జిగ పుల్లనిది కాదు, ఆ పూట తోడుకున్న పెరుగు చిలికింది. చిన్న ఉల్లిపాయలు నాలుగు నెయ్యిలో మగ్గేదాకా వేయించి దానితోనే వేయాలి. పచ్చిది కుట్టుతుంది, మగ్గింది కుట్టదు, వాసన మాత్రం అదే. కండ పట్టడానికి ఉడికించిన వేరుశెనగ విత్తనాలు పిడికెడు. ఉప్పు చిటికెడు. హోసూరు మిక్సీలో రెండు నిమిషాలు, ఒక నిమిషం ఆపి మళ్లీ రెండు నిమిషాలు. ఊరికే తిప్పితే జారు వేడెక్కుతుంది. వడకట్టి గరిటెతో ఎత్తితే తెగకుండా, తేనెలాగ, నిదానంగా దిగాలి. అంతకంటే పలచనైతే నీళ్లు ఎక్కువైనాయని, చిక్కనైతే చాల్లేదని అర్థం. తిమ్మరాయన్‌కు చెప్పకుండా ఇచ్చినాను. సగం చెంబు తాగి ఆగి, "ఇది మీ అమ్మ చేతి కూళు కదన్నా, నేను చిన్నప్పుడు మీ వాకిట్లో తాగినాను" అన్నాడు. వాడికి నేనేమీ చెప్పలేదు. కాబట్టి నూక లేకపోయినా అది అంబలే. నేను రాసింది తప్పు. ఈ జాబులో ఇది రెండో తప్పు, ఇక చాలు.

మలర్ చేసేది చెడ్డది కాదు. పచ్చిది వేస్తుంది, వడకట్టదు, నీకేది కావాలో నువ్వు దానికి చెప్పలేదు. పాపం ఆ పిల్ల రంగులు మారుస్తూ మూడు నెలలు నిలబడింది. దానికి నేను నేర్పిస్తాను. దాని పుట్టింట్లో కూళు తాగినదైతే రెండు దినాల్లో పట్టుకుంటుంది.

ఆడి మూడో శుక్రవారం, ఆగస్టు ఒకటి. మొదటి గరిటె నీది. ఈ యేడు నేను దాన్ని నేల మీద పోయను. పిలవను అని రాసినాను కదా, ఇప్పుడు పిలుస్తున్నాను. రా. ప్రభు కారులో గంటన్నర. నీ గొంతు బిడ్డ గొంతులాగుంటే ఉండనీ. నువ్వు రెండేండ్ల బిడ్డగా ఉన్నప్పుడు నీ మాటలు అమ్మకు అర్థమయ్యేలాగ చెప్పింది నేనే, నాకు కొత్త కాదు. చిక్కిపోయినావని ఊరు అంటే అననీ. వాకిట్లో తాగేవాళ్లలో ముప్పావు మందికి పళ్లు లేవు, అందరూ గుజ్జు తాగేవాళ్లే, నువ్వొక్కతివే కాదు.

రాలేనంటే నేనే వస్తాను. అటక మీద పద్దెనిమిదేండ్లుగా బోర్లించి పెట్టిన అమ్మ కుండ నిన్న దించినాను. పగుళ్లు లేవు. మీ వదిన బూడిదతో తోమి ఎండలో పెట్టింది. ఆ కుండ ఒళ్లో, మిక్సీ కాళ్ల దగ్గర పెట్టుకొని హోసూరు బస్సెక్కుతాను. నీ వంటింట్లో నా చేత్తో కాచి, నీకొక గ్లాసు, నాకొక గ్లాసు పోస్తాను. నువ్వెంత తాగితే నేనంత తాగుతాను. పద్దెనిమిదేండ్ల పట్టు మీ ఇంట్లో, మలర్ ఎదురుగా వదిలేస్తాను. నువ్వు తాగకపోతే నేనూ తాగను. అక్కడే కూర్చుంటాను. నాలుగు దినాలైనా సరే, గుడి దగ్గర కూళు మీ వదిన పోస్తుంది. నేను ఎంత మొండివాణ్ణో నీకు తెలుసు.

చివరి మాట. ఈ జాబు నీకు గురువారానికి అందుతుంది. ముప్పయ్యో తేదీ బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు వేల్‌మురుగన్ మన వీధిలోకి వస్తాడు. అప్పటికి నీ జాబు నా చేతిలో ఉండాలి. లేకపోతే ఆ మధ్యాహ్నమే ప్రభుకు ఫోన్ చేసి బేసిన్ సంగతి చెప్పేస్తాను. మరునాడు ముప్పైఒకటో తేదీ గురువారం పొద్దున ఏడు గంటల బస్సులో కుండ బయలుదేరుతుంది. పెద్ద జాబు వద్దు. ఒక్క మాట రాయి, చాటలో రాగుల మీద రాసినంత పెద్ద అక్షరాలతో.

నువ్వు వస్తావా, నన్ను రమ్మంటావా?

బుధవారం. పన్నెండు గంటలు. వాకిట్లో కూర్చొని ఉంటాను.

నీ అన్న
హనుమంతప్ప